పొట్ట చాటు పాదాలు

సీమంతం నాడు గర్భిణిని పీట మీద కూర్చోబెడతారు. పాదాలకు పసుపు రాస్తారు, పారాణి దిద్దుతారు, ముత్తయిదువలు ఒకరి తర్వాత ఒకరు గాజులు తొడుగుతారు. ఆ పూట ఆమె పాదాలను చూసినంత మంది ఆ తొమ్మిది నెలల్లో మరే రోజూ చూడరు. ఏడో నెల దాటాక ఆమెకే తన పాదాలు కనిపించవు. వంగుదామంటే పొట్ట అడ్డం, వంగితే ఆయాసం. కాళ్లకు నీరు పట్టడం, గోళ్లు గుచ్చుకోవడం, వేళ్ల సందులు ఒరిసిపోవడం లాంటివన్నీ ఎక్కువయ్యేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. అందుకని క్రీముల కంటే, పెడిక్యూర్ల కంటే ముందు కావలసింది ఇంట్లో ఇంకొకరి కళ్లు. భర్త కావచ్చు, అమ్మ కావచ్చు, అత్తగారు కావచ్చు. రాత్రి పడుకోబోయే ముందు మంచి వెలుతురులో రెండు పాదాలూ పైనా కిందా, వేళ్ల మధ్యా ఒకసారి పట్టి చూడాలి.

ముందుగా నీరు సంగతి. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. మొత్తం మీద అదనంగా చేరే నీరు 6 నుంచి 8 లీటర్లు. అందులో బిడ్డకూ, మాయకూ, ఉమ్మనీటికీ వాటా పోగా తక్కినది తల్లి ఒంట్లోనే నిలుస్తుంది. రక్తంలో నీటి పాలు పెరిగేసరికి, నీటిని రక్తనాళాల్లోనే పట్టి ఉంచే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పలచబడుతుంది. మరోపక్క పెరుగుతున్న గర్భసంచి, కాళ్ల నుంచి గుండెకు రక్తాన్ని మోసుకుపోయే పెద్ద సిర మీద బరువు మోపుతుంది. దిగువ తూము సగం మూస్తే ఎగువ పొలంలో నీరు ఊరినట్టు, కాళ్లలోని సన్నని నాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు చుట్టుపక్కల కండలోకి ఊరుతుంది. ఆ పెద్ద సిర వెన్నెముకకు కుడివైపున ఉంటుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోమని డాక్టర్లు చెప్పడం వెనక ఉన్న కారణం ఇదే. పగటిపూట గంటల తరబడి కాళ్లు వేలాడేసి కూర్చోకుండా ఏ స్టూలు మీదో పెట్టుకోవడం, చీలమండల దగ్గర పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, కాసేపు నడవడం, ఇవి పనిచేస్తాయి. పిక్క కండరం ముడుచుకున్న ప్రతిసారీ రక్తాన్ని పైకి తోస్తుంది మరి. కాళ్లకు నీరొచ్చిందని తాగే నీళ్లు తగ్గించడం మాత్రం తప్పు. నీరు పోయే మాత్రలు మందుల షాపులో అడిగి తెచ్చుకుని వేసుకోవడం ఇంకా పెద్ద తప్పు.

సాయంత్రానికి రెండు పాదాలూ సమానంగా పొంగి, తెల్లవారేసరికి తగ్గితే సాధారణంగా కంగారు పడనక్కర్లేదు. ఆ లెక్క తప్పినప్పుడే జాగ్రత్త పడాలి. పొద్దున లేచేసరికే ముఖం ఉబ్బి, కళ్ల కింద నీరు దిగి, చేతి ఉంగరం బిగుసుకుపోయిందంటే ఆ రోజే బీపీ చూపించుకోవాలి. అయిదో నెల దాటాక, అంటే 20 వారాల తర్వాత, బీపీ 140/90 లేదా అంతకు మించి ఉండి మూత్రంలో ప్రొటీన్ పోతుంటే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్స్ వస్తే మన ఊళ్లలో గుర్రపువాతం అంటారు. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, కుడి డొక్క పైభాగంలో నొప్పి తోడైతే తెల్లారేదాకా ఆగకూడదు, 108కి ఫోన్ చేయాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్లు ఉచితంగా పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. అక్కడ బీపీ చూస్తారు, మూత్రపరీక్ష చేస్తారు. కాళ్ల వాపు గురించి అడగడానికి అది మంచి చోటు.

ఒక్క కాలే వాచడం మరో ప్రమాదం. ప్రసవంలో రక్తం ఎక్కువగా పోకుండా ప్రకృతి ముందుగానే గర్భిణి రక్తానికి త్వరగా గడ్డకట్టే గుణం పెంచుతుంది. దాంతో కాలి లోపలి సిరల్లో గడ్డలు ఏర్పడే అవకాశం మామూలు రోజులతో పోలిస్తే నాలుగైదు రెట్లు ఎక్కువవుతుంది. అది ఎక్కువగా ఎడమ కాల్లోనే రావడానికి కారణం కటి భాగంలోని నిర్మాణం: ఎడమ కాలి నుంచి వచ్చే సిర మీదుగా కుడి కాలికి పోయే ధమని అడ్డంగా పోతుంది, ఆ సిర అక్కడ నలుగుతుంది. ఒక పిక్క మాత్రమే ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా ఉండి, నొప్పి పుడుతుంటే నూనె రాసి మర్దనా చేయడం మన ఇళ్లలో అలవాటు. ఆ మర్దనాకు గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. మామూలుగా అలసిన పాదాలను మెల్లగా పిసికితే ఏ ఇబ్బందీ లేదు. పాదం మీద ఫలానా చోట నొక్కితే నొప్పులు మొదలైపోతాయన్న భయానికి గట్టి ఆధారాలు లేవు.

నీరు పట్టిన పాదంలో మొదట ఇరుక్కునేవి మెట్టెలు. దీని గురించి ఆసుపత్రి కరపత్రాల్లో కనిపించేది తక్కువ, ఇబ్బంది పడేవాళ్లు మాత్రం ఎందరో. పెళ్లిలో పెట్టిన మెట్టె వేలికి సరిపడా ఉంటుంది, వేలే లావవుతుంది. అప్పుడు వెండి చర్మంలోకి దిగి గాడి పడుతుంది. మెట్టె కింద సబ్బూ తడీ నిలిచి చర్మం నానిపోతుంది. వేలు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా రక్తప్రసరణ ఆగుతోందని అర్థం. చుట్లు తిరిగిన మెట్టెలైతే కొంచెం విప్పి వదులు చేసుకోవచ్చు. అతుకు పెట్టేసిన కడియం లాంటి మెట్టెలతోనే చిక్కు. తీయాలనుకుంటే పొద్దున లేవగానే, వాపు తక్కువగా ఉన్నప్పుడు, కాలు కాసేపు ఎత్తుగా పెట్టి, వేలికి సబ్బు నురగో కొబ్బరి నూనో రాసి మెల్లగా తిప్పుతూ లాగాలి. రాకపోతే గుంజకూడదు. ఆసుపత్రిలో ఉంగరాలు కోసే చిన్న సాధనం ఉంటుంది, చర్మానికి తగలకుండా కోస్తారు.

మెట్టెలు తీయడానికి మనసొప్పని వాళ్లు చాలామంది ఉంటారు, ఆ మాట అనడానికి కూడా ఇంట్లో జంకుతారు. ఆ మాట పెద్దవాళ్లే ముందు అంటే బాగుంటుందని నా అభిప్రాయం. ఆరో నెలలో ‘తీసి దేవుడి గదిలో పెట్టమ్మా, పురుడయ్యాక పెట్టుకుందువుగాని’ అని అత్తగారు అన్నారంటే ఆ పిల్లకు సగం భారం దిగుతుంది. ఎలాగూ సిజేరియన్ చేయాల్సి వస్తే థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు ఒంటి మీది లోహాలన్నీ తీయిస్తారు. రక్తనాళాలను కరెంటుతో మూసే పరికరం వాడేటప్పుడు లోహం దగ్గర చర్మం కాలే ప్రమాదం ఉంటుందని ఆ జాగ్రత్త. అర్ధరాత్రి హడావిడిలో, వాచిన వేలి నుంచి మెట్టె లాగే పరిస్థితి రాకుండా ముందే తీయడం మేలు. కాళ్ల పట్టీలకూ ఇదే వర్తిస్తుంది.

ఇక గోళ్లు. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరిగితే, కాలి గోరు అందులో సగం పెరుగుతుంది. వయసుతో ఈ వేగం తగ్గుతుంది. విలియం బీన్ అనే అమెరికన్ వైద్యుడు 1941లో మొదలుపెట్టి 35 ఏళ్ల పాటు తన చేతి బొటనవేలి గోరును కొలుస్తూ పోయాడు. 32 ఏళ్ల వయసులో రోజుకు 0.123 మిల్లీమీటర్లు పెరిగిన గోరు, 67 ఏళ్లకు 0.095 మాత్రమే పెరిగిందని తేల్చాడు. గర్భంలో చాలామందికి గోళ్లు మామూలు కంటే త్వరగా పెరుగుతాయి. కొందరికి గట్టిపడతాయి, ఎక్కువమందికి పెళుసుబారి పొరలు పొరలుగా లేస్తాయి. గోరుకు అడ్డంగా గాడి పడటం కూడా ఉంది. పెద్ద జబ్బు చేసినప్పుడు గోరు పెరుగుదల కొంతకాలం ఆగి ఇలాంటి గాడి మిగులుతుందని 1846లో ఫ్రెంచి వైద్యుడు బో వర్ణించాడు, ఇప్పటికీ వాటిని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. కాలి బొటనవేలి గోరు మొదలు నుంచి చివరిదాకా మారడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది గనుక, గర్భంలో పడిన గాడి బిడ్డ పాకే వయసులో కూడా తల్లి గోటి మీద కనిపించవచ్చు. అది చూసి భయపడక్కర్లేదు.

బాధ పెట్టేది గోరు కండలోకి దిగడం. పాదం వాచినప్పుడు గోరు అంచున కండ ఉబ్బి పైకి లేస్తుంది, పాత చెప్పు బిగుతై దాన్ని గోరు మీదికి నెడుతుంది. అలాంటప్పుడు గోటి మూలలను గుండ్రంగా లోపలికి కోస్తే, పెరిగే కొన నేరుగా కండలోకి పోతుంది. కాలి గోళ్లను తిన్నగా, అడ్డంగా కోయాలి. మూలలు మరీ పదునుగా ఉంటే ఆకురాయితో కొంచెం నున్నన చేస్తే చాలు. స్నానం చేశాక గోరు మెత్తబడి ఉంటుంది, అప్పుడు నెయిల్ కట్టర్‌తో ఒకేసారి నొక్కేయకుండా కొంచెం కొంచెంగా తీయాలి. తెల్లటి అంచు ఒక మిల్లీమీటరు మిగలాలి. బ్లేడుతో తీసే అలవాటును ఈ నెలల్లో పూర్తిగా మానాలి. ఒంటి కాలి మీద నిలబడి, ఇంకో కాలు బకెట్ మీద పెట్టుకుని వంగే ప్రయత్నం అసలే వద్దు. పొట్ట ముందుకొచ్చాక శరీరం బరువు కేంద్రం మారి తూలిపడే అవకాశం పెరుగుతుంది. కుర్చీలో కూర్చుని పక్కనుంచి పాదాన్ని రెండో మోకాలి మీదికి తెచ్చుకుంటే ఎనిమిదో నెల దాకా కొందరికి అందుతుంది. అందకపోతే భర్త చేతికి కట్టర్ ఇవ్వడంలో నామోషీ ఏముంది?

అయినా ఒక్కోసారి గోటి పక్కన ఎర్రగా వాచి, సలపరిస్తూ చీము పడుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత పుట్టిన నొప్పి అదే. దీనికి నిమ్మకాయకు బొక్క పెట్టి వేలికి తొడగడం మన పాత చిట్కా. పచ్చి పుండు మీద నిమ్మరసం మంట పెంచుతుంది, పైగా వేలిని గంటల తరబడి తడిలో ఉంచుతుంది. దాని బదులు గోరువెచ్చని నీళ్లలో పది, పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు పాదం పెట్టి, తర్వాత పొడిగా తుడవడం మంచిది. పాదాలు మాత్రమే గోరువెచ్చని నీళ్లలో పెడితే బిడ్డకు వేడి చేస్తుందన్న భయం అక్కర్లేదు. రెండు రోజుల్లో తగ్గకపోతే, చీము కనిపిస్తే, జ్వరం వస్తే డాక్టరు చూడాలి. గర్భిణులకు ఇవ్వదగిన యాంటీబయాటిక్స్ ఉన్నాయి, కూడనివీ ఉన్నాయి. డాక్సీసైక్లిన్ రెండో రకానికి చెందింది, ఆ కుటుంబపు మందులు బిడ్డ పళ్ల రంగును చెడగొట్టగలవు. గోధుమరంగు అయోడిన్ ద్రావణాన్ని రోజుల తరబడి పుండు మీద పోయడం కూడా ఈ సమయంలో కూడదు, చర్మం గుండా లోపలికి పోయిన అయోడిన్ బిడ్డ థైరాయిడ్ మీద ప్రభావం చూపవచ్చు. షుగరు ఉన్నవాళ్లయితే చిన్న గాయమైనా ఆ రోజే చూపించుకోవాలి. గోరుచుట్టు దగ్గరే ముట్టుకుంటే రక్తం కారే చిన్న ఎర్రటి కండ పెరగడం గర్భిణుల్లో అప్పుడప్పుడూ కనిపిస్తుంది, అది కేన్సర్ కాదు.

బ్లేడు దెబ్బ, మేకు దెబ్బ అనగానే ధనుర్వాతం గుర్తుకొస్తుంది. బాలింతల్లో, పురిటి బిడ్డల్లో ఈ జబ్బును భారతదేశం నిర్మూలించిందని 2015లో ధ్రువీకరణ వచ్చింది. గర్భిణులకు వేసే టీకాల పాత్ర అందులో ఎంతో ఉంది. ఇప్పుడు టీడీ అనే పేరుతో నాలుగు వారాల తేడాతో రెండు డోసులు వేస్తున్నారు. తల్లీబిడ్డల కార్డులో ఆ రెండు తేదీలూ పడ్డాయో లేదో చూసుకోవాలి.

అలంకారాల విషయానికొస్తే, పసుపూ సున్నమూ కలిపి చేసే పారాణి చక్కటి రసాయనశాస్త్ర పాఠం. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగలగానే ఎర్రబడుతుంది. సున్నం ఆ క్షారం. ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద ఒక పూట పారాణితో భయం లేదు. పగిలిన మడమల మీద, ఒరిసిన వేళ్ల సందుల్లో సున్నం ఎక్కువైతే మాత్రం కాలుస్తుంది. నూరిన గోరింటాకుతోనూ మామూలుగా ఇబ్బంది రాదు. అరగంటలో నల్లగా పండుతుందని అమ్మే కోన్లతోనే ప్రమాదం. గోరింటాకు ఎరుపే ఇస్తుంది, నలుపు ఇవ్వదు. ఆ నలుపు కోసం చాలాసార్లు జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు. దానికి కొందరి చర్మం బొబ్బలెక్కి, ఆ మచ్చలు నెలల తరబడి ఉంటాయి, పైగా ఆ ఎలర్జీ జీవితాంతం పోదు. పుట్టిన బిడ్డ అరికాళ్లకు గోరింటాకు పెట్టే ముచ్చట కూడా మానుకోవాలి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న శిశువుల్లో గోరింటాకులోని లాసోన్ ఎర్రరక్త కణాలను పగలగొట్టి కామెర్లను ప్రమాదస్థాయికి తీసుకుపోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

నెయిల్ పాలిష్ గురించి ఎక్కువ భయపెట్టే మాటలు వినిపిస్తాయి. ఒకప్పటి పాలిష్‌లలో టాల్యూన్, ఫార్మాల్డిహైడ్, డైబ్యూటైల్ థాలేట్ అనే మూడూ ఉండేవి. చివరిదాన్ని యూరప్ 2004లో సౌందర్య సాధనాల్లో నిషేధించింది. ఎప్పుడో ఒకసారి, కిటికీలు తెరిచిన గదిలో వేసుకునే పాలిష్‌తో బిడ్డకు హాని జరిగిందనడానికి ఆధారం లేదు. నన్ను కలవరపెట్టేది పాలిష్ వేయించుకునే గర్భిణి కంటే, ఏసీ గదిలో తలుపులు మూసి రోజంతా ఇతరులకు పాలిష్ వేసే గర్భిణి. ఆ ఆవిర్లను ఎనిమిది, తొమ్మిది గంటలు పీల్చేది బ్యూటీ పార్లర్‌లో పనిచేసే అమ్మాయే. గాలి ఆడే చోటు, చేతి తొడుగులు, మూతలున్న డబ్బాలు, మధ్యలో బయటికెళ్లే విరామం ఆమెకు దక్కాలి. యజమానులు ఈ మాట వినాలి.

ప్రసవానికి వెళ్లేటప్పుడు పాలిష్ తీసేయాల్సిందే. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ సూత్రాన్ని 1970ల మొదట్లో జపాన్ ఇంజనీరు తకువో అయోయగి కనిపెట్టాడు. అది గోటి గుండా ఎరుపు, పరారుణ కాంతులను పంపి రక్తంలో ఆక్సిజన్‌ను లెక్కగడుతుంది. ముదురు నీలం, నలుపు, ఆకుపచ్చ పాలిష్‌లు ఆ కాంతికి అడ్డుపడి లెక్కను తేడా చేయగలవు. అంతకంటే ముఖ్యంగా రంగు వేసిన గోరు తన పాలిపోయిన రంగును చూపించలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. గోళ్లు తెల్లగా పాలిపోవడం, స్పూనులా గుంటలు పడటం ఇనుము లోపాన్ని పట్టించే గుర్తులు. నెల నెలా పరీక్షకు వెళ్లే రోజున గోళ్లు రంగు లేకుండా ఉంటే డాక్టరుకూ, ఏఎన్ఎంకూ సాయం చేసినట్టే.

పార్లర్ పెడిక్యూర్ గురించి ఒక్క ఉదంతం చెబుతాను. 2000లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం వాట్సన్‌విల్ ఊళ్లో ఒకే నెయిల్ సెలూన్‌కు వెళ్లిన వందమందికి పైగా మహిళల పిక్కల మీద మానని సెగ్గడ్డలు లేచాయి. పరిశోధకులు వెతగ్గా, పాదాలు నానబెట్టే నీటి తొట్టెల లోపలి జల్లెడ వెనక వెంట్రుకలూ చర్మపు చెత్తా పేరుకుని, అందులో మైకోబాక్టీరియం ఫార్చ్యూయిటం అనే సూక్ష్మజీవి పెరుగుతున్నట్టు తేలింది. పెడిక్యూర్‌కు ముందు కాళ్ల మీద రోమాలు షేవ్ చేసుకున్న వాళ్లకు ప్రమాదం ఎక్కువని కూడా బయటపడింది, కంటికి కనిపించని గాట్లే దారి ఇచ్చాయి. కాబట్టి గర్భిణి పార్లర్‌కు వెళ్తే నీళ్లు తిప్పే మోటారు తొట్టెల కంటే, మనిషి మనిషికీ కడిగే మామూలు టబ్బు మంచిది. సామాను సొంతది తీసుకెళ్తే మరీ మంచిది. మడమల మీది మందం చర్మాన్ని బ్లేడుతో చెక్కనివ్వకూడదు, గోటి మొదట్లో ఉండే సన్నని పొరను కోయనివ్వకూడదు. సూక్ష్మజీవులను లోపలికి రానివ్వకుండా కాపు కాసేది ఆ పొరే.

మడమల పగుళ్లకు ఖరీదైన వైద్యం అక్కర్లేదు. రాత్రి పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తటి రాయితో తేలిగ్గా రుద్ది, తడి ఆరేలోపే వాసెలిన్‌గానీ కొబ్బరి నూనెగానీ రాసి నూలు సాక్సు వేసుకుంటే వారం పది రోజుల్లో తేడా తెలుస్తుంది. నాట్లేసే మడిలోనో, గిన్నెలు తోమే దగ్గరో రోజంతా తడిలో ఉండే గర్భిణులకు వేళ్ల సందులు నాని తెల్లబడి, దురద పుట్టి చీలుతాయి. అది ఎక్కువగా ఫంగస్. పైన రాసే క్లోట్రిమజోల్ క్రీము గర్భిణులకు వాడదగినదే, నోటితో మింగే ఫంగస్ మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ముట్టకూడదు. ఆనెకాయలకు అంటించే పట్టీల్లో గాఢమైన సాలిసిలిక్ ఆమ్లం ఉంటుంది, వాటి జోలికి పోవద్దు. మడమ నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు కూడా 20 వారాలు దాటాక కూడవని అమెరికా ఔషధ సంస్థ 2020లో హెచ్చరించింది, బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గవచ్చు.

మడమ నొప్పికి చాలాసార్లు చెప్పులే కారణం. అయోవా విశ్వవిద్యాలయంలో 49 మంది గర్భిణుల పాదాలను మొదటి నెలల్లో ఒకసారి, ప్రసవమైన అయిదు నెలలకు మరోసారి కొలిచి 2013లో ఫలితాలు ప్రచురించారు. పాదం కింది వంపు చదునై, 60 నుంచి 70 శాతం మందిలో పాదం పొడవూ వెడల్పూ పెరిగాయి. కొందరిలో పొడవు 2 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా పెరిగింది. ఈ మార్పు ప్రధానంగా మొదటి కాన్పులోనే వస్తుంది, తిరిగి తగ్గకపోవచ్చు. స్నాయువులను వదులు చేసే హార్మోన్లూ, పెరిగిన బరువూ కలిసి ఇలా చేస్తాయని భావిస్తున్నారు. పాదం పెరిగిందని ఒప్పుకుని ఒక సైజు పెద్ద చెప్పులు కొనాలి, అదీ సాయంత్రం పూట, వాపు ఉన్నప్పుడు. అరిగిన హవాయి చెప్పులు స్నానాల గదిలో జారతాయి. వెనక పట్టీ ఉండి, అడుగు మెత్తగా, మడమ దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు ఉన్నవి నయం.

ప్రసవమైన మొదటి కొద్ది రోజుల్లో, ముఖ్యంగా సెలైన్లు ఎక్కించాక, కాళ్ల వాపు తగ్గకపోగా ఇంకాస్త పెరగవచ్చు. వారం, రెండు వారాల్లో అది దిగిపోతుంది. అయితే కాలి సిరల్లో గడ్డలు కట్టే ముప్పు అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ప్రసవం తర్వాతి ఆరు వారాల్లోనే. సరిగ్గా అప్పుడే మనం బాలింతను గదిలో మంచానికి పరిమితం చేస్తాం, పొట్ట రాకూడదనీ చలువ చేస్తుందనీ నీళ్లు గ్లాసుల లెక్కన కొలిచి ఇస్తాం. కదలిక లేకపోవడం, నీళ్లు తక్కువ తాగడం, రెండూ రక్తం గడ్డకట్టడానికి తోడ్పడేవే. పథ్యం పేరుతో ఇంకేం పాటించినా, దాహమైనప్పుడల్లా నీళ్లివ్వాలి, డాక్టరు వద్దనకపోతే ప్రసవమైన మర్నాటి నుంచే బాలింతను నడిపించాలి. ఆ ఆరు వారాల్లో ఒక కాలే వాచి నొప్పి పుడితే కాపడం పెట్టకుండా, నూనె మర్దనా చేయకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డాప్లర్ స్కాన్‌లో గడ్డ ఉందో లేదో తెలుస్తుంది, అవసరమైతే ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్లు వాడుతూ కూడా తల్లి బిడ్డకు పాలివ్వవచ్చు.